వ్యవహారదృష్టి యనగా నేమి?

మన ప్రాంతమున "వ్యవహారజ్ఞుడు" అను మాటను ఇద్దరు వేరువేరు మనుష్యులకు వాడుదురు. ఏ యెండకా గొడుగు పట్టి, నలుగురిలో ఎవరికిని కంటగింపు గాకుండ తన పని గడుపుకొనువాడు వ్యవహారజ్ఞుడు. తలపెట్టిన కార్యము ఎవరివలన సాగును, ఎట్లు సాగును, సాగినపిమ్మట ఎవరికేమగును అని ముందుగా విచారించి, ఆ విచారణకు లోబడి నడచువాడును వ్యవహారజ్ఞుడే. మాట యొకటి, మనుష్యులు వేరు. మొదటివాని గుణము లౌక్యము. రెండవవాని గుణమును ఈ పాఠమునందు వ్యవహారదృష్టి యని పిలుచుచున్నాము.

ఈ రెంటిని ఒకటిగా నెంచుటచేత రెండువిధముల నష్టము కలుగుచున్నది. ధర్మబుద్ధి గలవారు వ్యవహారము తమకు తగదని తలచి, మంచిమాటలు పలికి యూరకుందురు. లౌక్యులు తమ పిరికితనమునకు వ్యవహారజ్ఞానమని పేరు పెట్టుకొని, సభలయందు పెద్దరికము వహింతురు. ఈ నడుమ చేయవలసిన పని చేయువారు లేక నిలిచిపోవుచున్నది. కావున చెవిటికల్లు, నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతముల చదువరు లెరిగిన సంగతులను, తెలుగుదేశ చరిత్రమున ప్రసిద్ధమైన సంగతులను ఉదాహరణములుగా గైకొని ఈ భేదమును విశదపరుప బూనితిమి.

1. మూలసూత్రము

అమెరికాదేశమున చార్లెస్ పీర్స్ అను తత్త్వవేత్త, మన భావములను స్పష్టపరచుకొనుట యెట్లు అను ప్రశ్నను గూర్చి 1878వ సంవత్సరమున ఒక వ్యాసము ప్రకటించెను. ఒక వస్తువును గురించి మనకు గల భావమెల్ల, ఆ వస్తువు మన యనుభవమునందు ఏయే ఫలముల గలిగింపగలదని మన మెంచుదుమో ఆ ఫలముల మొత్తమే యని అందలి సారము. "ఈ రాయి గట్టిది" యని పలుకుచున్నాము. అనగా ఇతర వస్తువులతో గీచినను దీనిపై సులభముగా గీత పడదని మన తాత్పర్యము. ఆ యనుభవమును తీసివేసినయెడల "గట్టిది" యనుమాటలో మిగులునది శబ్దమే.

విలియం జేమ్సు అను పండితుడు 1906వ సంవత్సరాంతమున బోస్టను నగరమునను, 1907వ సంవత్సరారంభమున న్యూయార్కు నగరమునను ఈ విషయమై ఉపన్యాసము లిచ్చి, 1907లోనే వానిని గ్రంథముగా వెలువరించెను. ఆయన ఈ విధానమునకు ప్రాగ్మాటిజ మను పేరును లోకమున వ్యాపింపజేసెను. అది కార్యము అను నర్థముగల గ్రీకుపదమునుండి పుట్టినది. రెండు పక్షములవారు తీరని వాదములో చిక్కుకొన్నప్పుడు, "మొదటి పక్షము నిజమైనచో లోకమున ఏమి భేదము కనబడును? రెండవది నిజమైనచో ఏమి భేదము కనబడును?" అని యడుగుమని ఆయన బోధ. ఏ భేదమును లేనిచో ఆ వాదము నిష్ప్రయోజనము. భేదమున్నచో ఆ భేదమును పరీక్షించుటయే నిర్ణయమునకు మార్గము.

మన మెట్టరైతునకు ఈ సూత్రమును నేర్పనక్కరలేదు. అతడు ఒక చేనుజూపి "ఇది మంచి రేగడి" యన్నప్పుడు అతని మనసులో నుండునవి ఏవి? ఆ నేల తడిని చాలదినములు పట్టియుంచును. వేసవిలో నెఱ్ఱెలు వాయును. వాన వెలసిన వెంటనే అందు నాగలి సాగదు. ప్రత్తి వేసినయెడల వాన కొంత వెనుకబడినను మొక్క తాళును. ఇవియే ఆతని "రేగడి". ఈ గుణములలో నొకటియు కానరాని నేలను ఎవడైన కాగితముమీద రేగడి యని వ్రాయించినంతమాత్రమున ఆ రైతు దానిని కౌలునకు గైకొనడు. ఇంత బుద్ధి సూక్ష్మముగా నేలవిషయమున చూపు మనము, ధర్మము, గౌరవము, సంప్రదాయము, అభివృద్ధి యను మాటల విషయమున మాత్రము ఆ కాగితమునే నమ్మి సంతోషించుచున్నాము. ఇదియే విచారింపదగిన వింత.

ఈ దృష్టి పడమటిదేశములనుండి మాత్రమే వచ్చినదని తలపవలదు. న్యాయసూత్రములకు భాష్యము రచించిన వాత్స్యాయనుడు, జ్ఞానము యథార్థమో కాదో ప్రవృత్తి సఫలమగుటచేత తెలియునని గ్రంథారంభముననే ప్రతిపాదించెను. దూరమున మెఱయునది నీరో యెండమావియో కూర్చుండి వాదించుటచే తేలదు. నడచిపోయి దోసిలి పట్టినవానికి తేలును. బౌద్ధతార్కికుడగు ధర్మకీర్తి, కార్యమును సాధింపగల సామర్థ్యమే సత్యమునకు గుఱుతని చెప్పి, దానికి అర్థక్రియ యని పేరిడెను. మన జగ్గయ్యపేట యొద్ద ధనబోడు మీద నున్న ప్రాచీన స్తూపము ఏ మహనీయుని స్మరణార్థ మేర్పడినదో ఆ బుద్ధుడును, విషబాణము తగిలినవాడు దానిని తీయించుకొనక, వేసినవాని కులమేది, వింటినారి దేనితో చేసినది అని ప్రశ్నించుచుండినచో ఆ ప్రశ్నలు తీరకమున్నే ప్రాణము పోవునని దృష్టాంతము చెప్పెను. ఈ మువ్వురి సిద్ధాంతములు ఒకటి కావు. అయినను మాటను కార్యముచే పరీక్షింపవలెనను తలంపు మన నేలకు క్రొత్తది కాదనుటకు ఈ నిదర్శనములు చాలును.

2. నమ్మకమునకు గుఱుతు నడత

ఒకడు దేనిని నమ్ముచున్నాడో తెలిసికొనుటకు అతడు చెప్పుమాటను గాక, అతడు దేనిని ఆధారముచేసికొని అడుగు వేయుచున్నాడో చూడవలెను. నమ్మకమనగా దాని ప్రకారము నడచుటకు సిద్ధముగా నుండుట యని అలెగ్జాండరు బెయిన్ అను స్కాట్లండుదేశపు పండితుడు చెప్పిన లక్షణమునుండియే పీర్స్ తన సూత్రమును గ్రహించెను.

దీనికి చెవిటికల్లులోనే ఒక ఉదాహరణము కలదు. ఈ గ్రామమునకు ఎగువను కృష్ణపై పులిచింతల జలాశయమున్నది. దాని నీటినిలువ సుమారు 45 టి.యం.సీలు. దిగువను విజయవాడయొద్ద ప్రకాశము ఆనకట్ట యున్నది. ఈ రెంటి నడుమ నున్న నది వానకాలమున పైనుండి విడుచు నీటిని బట్టి కొలదిగంటలలో రూపు మార్చును. 2021వ సంవత్సరము ఆగస్టు 5వ తేదీన పులిచింతలయందు ఒక గేటు కొట్టుకొనిపోయి, నీరు పెద్దయెత్తున దిగువకు విడువవలసివచ్చెను. ఆ నెలలోనే చెవిటికల్లుయొద్ద ఇసుక కొఱకు నదిలోనికి దిగిన నూరుకు మించిన లారీలు అకస్మాత్తుగా వచ్చిన ప్రవాహములో చిక్కుకొనెను. వెనుకకు వచ్చుదారి పాడగుటచే అవి కదలలేకపోయెను. లారీలతో పోయిన డ్రైవర్లను, కూలీలను పడవలపై గట్టునకు చేర్చవలసివచ్చెను.

ఈ సంగతిని ఒకరిని నిందించుటకై యిచట చెప్పుట లేదు. ఇందలి తర్కమును చూడుడు. "శ్రావణమాసమున కృష్ణ పొంగును" అని ఈ తీరమున తెలియనివా డెవడు? పసిబిడ్డ సైతము చెప్పును. కాని ఆ తెలివి నమ్మకమై యుండినచో అది కొన్ని నడతలుగా కనబడవలెను: నీరు విడుచువారికిని నదిలో దిగువారికిని నడుమ వార్త చేరు మార్గముండును, వార్త అందిననాడు బండి దిగదు, దిగినను బయటపడుటకు రెండవదారి యేర్పడియుండును. ఈ నడతలు లేనిచోట "కృష్ణ పొంగును" అనునది నోటిలో నున్న వాక్యమేకాని నమ్మకము కాదు. అచట పనిచేయుచున్న నిజమైన నమ్మకము వేఱొకటి: "నిన్న పొంగలేదు, నేడును పొంగదు" అనునది. ఆ నమ్మకమును ఎవరును నోరార పలుకలేదు. అయినను లారీలు దానిమీదనే నదిలోనికి దిగినవి.

ఇచట మఱియొక విశేషము గమనింపదగియున్నది. ఇసుక యిచ్చట నున్నది, బండి యిచ్చట నున్నది, గిరాకి యున్నది, కావున నింపుదము అనువానిని లోకము వ్యవహారజ్ఞు డనును. కాని అతడు ఫలములలో నొకదానినే లెక్కించి తక్కినవానిని విడిచిపెట్టెను. వ్యవహారదృష్టి గలవాడు ఫలము లన్నిటిని లెక్కించును. సాయంకాలము చేతికి వచ్చు కూలియు ఫలమే. ఏటిలో మునిగిన బండియు ఫలమే. ఇసుక తరిగినందున దిగువ బావులలో నీరు లోతునకు దిగుటయు ఫలమే. దగ్గఱి ఫలమును మాత్రమే చూచుట వ్యవహారదృష్టి కాదు, అది దృష్టిలోపము.

3. శాసనమున్నను పెండ్లి లేదు

ఇక మన దేశచరిత్రమునకు వత్తము. ఈశ్వరచంద్ర విద్యాసాగరుని కృషివలన 1856వ సంవత్సరమున హిందూ వితంతువుల పునర్వివాహమును చట్టసమ్మతము చేయు 15వ ఆక్టు పుట్టెను. ఆనాటినుండి న్యాయస్థానముల దృష్టిలో వితంతువివాహము చెల్లును. ఆ దంపతుల సంతానము ధర్మసంతానమే. మొదటి వివాహమున ఏ తంతు చాలునో రెండవ వివాహమునను అదియే చాలునని గూడ ఆ చట్టము స్పష్టపరచెను. ఇంతకన్న కావలసిన దేమి?

అయినను రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన గౌరమ్మ, గోగులపాటి శ్రీరాములు అను వధూవరులకు వివాహము జరిపించువఱకు ఈ ప్రాంతమున ఆ చట్టము కాగితముగానే నిలిచెను. నడుమ గడచినవి 25 సంవత్సరములు. అక్షరము మారలేదు, హక్కు తగ్గలేదు. ఆ కాలమున వైధవ్యము పొందిన బాలికలకు ఆ హక్కువలన కలిగిన భేద మేమి? జేమ్సు ప్రశ్నను ఇచట వేసిచూడుడు. భేదము శూన్యము. కావున ఆ 25 సంవత్సరములు వారికి హక్కు కలదని చెప్పుట న్యాయవాదికి సత్యమేమోకాని ఆ బాలికకు సత్యము కాదు.

పంతులుగారి గొప్పతన మెచట నున్నది? ఆయనయు శాస్త్రవాదమును వదలలేదు. 1879లో వితంతువివాహమును గూర్చి ఉపన్యసించి, స్మృతివాక్యముల నుదాహరించి, పండితుల యాక్షేపణలకు సమాధానములు వ్రాసెను. కాని శాస్త్రవాదమున గెలిచినంతమాత్రమున పెండ్లి కాదని ఆయన గుర్తించెను. పెండ్లి కాకుండ నిలిపినవి వేఱు ప్రశ్నలు. తల్లిదండ్రులు అంగీకరించిన పిల్ల యెచట నున్నది? వెలికి వెఱవని వరు డెవడు? పురోహితు డెవడు? వంట యెవరు చేయుదురు? నూతి నీరు తోడనీయనినాడు నీరెవరు తెత్తురు? తంతు జరుగుచుండగా గుంపు వచ్చినచో వాకిట నిలుచువా రెవరు? పెండ్లియైన మఱునాడు ఆ దంపతులు ఎచట నుందురు, ఏమి తిందురు?

ఈ ప్రశ్నలలో ఒక్కటియు తత్త్వశాస్త్రమునకు సంబంధించినది గాదు. అన్నిటికిని సమాధానములు దొరకినగాని తత్త్వము బ్రదుకదు. శిష్యులగు విద్యార్థులు కావలి కాచిరి. కాకినాడయందలి పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయ మొనర్చిరి. భార్య రాజ్యలక్ష్మమ్మగారు బంధువులకు, వెలికి వెఱవక వంటయు నీటిపనియు తనమీద వేసికొనిరి. ఆనాటి చరిత్రమును చదువువారు ఉపన్యాసములను జ్ఞాపకముంచుకొందురు. కాని ఆ నీటికడవయే పరాశరస్మృతి వ్యాఖ్యానమునకు అర్థమును ప్రసాదించినది.

దీనికి మాఱుపక్షమును గురజాడ అప్పారావుగారు చూపిరి. 1892లో ప్రదర్శితమై 1897లో అచ్చయిన కన్యాశుల్క నాటకమున గిరీశమను పాత్ర వితంతువివాహమును గూర్చి ఇంగ్లీషునను తెలుగునను ధారాళముగా ఉపన్యసింపగలడు. అతని మాటలను, పంతులుగారి మాటలను ఒక కాగితముమీద వ్రాసినచో భేదము కనిపెట్టుట కష్టము. భేదమెల్ల వారి నడతలో నున్నది. మాటలు సమానమైనప్పుడు నడతను చూడుమనుట మన సూత్రమునకు మఱియొక రూపము.

వ్యవహారదృష్టి తన తప్పొప్పులనుగూడ ఫలములచేతనే దిద్దుకొనును. ధనాశచే గాని ఉద్యోగాశచే గాని ముందునకు వచ్చి, పిమ్మట చిక్కులు పెట్టిన వారును వరులలో కలరని పంతులుగారే తమ స్వీయచరిత్రమున దాచక వ్రాసిరి. ఇంతమాత్రముచే ఉద్యమము తప్పని ఆయన తలపలేదు. వివాహము జరిపించుట చాలదు, వితంతువు తన కాళ్లమీద తాను నిలుచు విధము కావలెనని గ్రహించి శరణాలయములను, విద్యను ఆశ్రయించిరి. తుదకు తమ యాస్తిని హితకారిణీ సమాజమునకు ఒప్పగించిరి. ఫలము చెడినప్పుడు లక్ష్యమును విడుచువాడు లౌక్యుడు. ఫలము చెడినను పద్ధతిని మార్చనివాడు మొండివాడు. లక్ష్యమును నిలుపుకొని పద్ధతిని దిద్దుకొనువాడు వ్యవహారదృష్టి గలవాడు.

ఆ 1856 చట్టమునందే వకీళ్లు గమనింపదగిన మఱియొక నిబంధన కలదు. పునర్వివాహము చేసికొన్న వితంతువు, భర్త యాస్తియందు తనకు గల భుక్తిహక్కును కోల్పోవునని 2వ సెక్షను విధించెను. ఒక చేతితో స్వేచ్ఛ నిచ్చి వేఱొక చేతితో జీవనమును తీసికొనుట యిది. చట్టము పేరును జూచినవాడు స్త్రీకి స్వాతంత్ర్యము వచ్చిన దనును. చట్టమును ఉపయోగించుకొన్న స్త్రీకి మఱునాడు ఏమి మిగిలెనో చూచినవాడు దానిని పూర్తిగా తెలిసికొన్నవాడు. ఈ చట్టమును 1983లో రద్దుపఱచిరి.

4. ఫలములను లెక్కించు విధము

ఫలమును చూడవలెనని చెప్పుట సులభము. లెక్క తప్పకుండ చూచుట కష్టము. మనుష్యులు రాళ్లవంటివారు కారు. మనము చేసిన పనికి వారు తమ ఉపాయములతో ఎదురుపని చేయుదురు. ఆ యెదురుపనియు మన లెక్కలో చేరవలెను.

హరబిలాస్ శారదాగారి పేరుతో ప్రసిద్ధమైన బాల్యవివాహ నిరోధక చట్టము 1929లో పుట్టి, 1930వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీనుండి అమలునకు వచ్చెను. అప్పటికి బాలికకు 14 సంవత్సరములు, బాలునకు 18 సంవత్సరములు కనీసవయస్సుగా నిర్ణయించిరి. చట్టము పుట్టుటకును అమలగుటకును నడుమ ఆఱుమాసముల వ్యవధి యుండెను. ఆ వ్యవధిలో దేశమంతట పసిపిల్లల పెండ్లిండ్లు త్వరత్వరగా జరిగినవి. అమలైన పిమ్మట గోదావరితీరమునందలి యానాము, నాడు ఫ్రెంచివారి యేలుబడిలో నుండి బ్రిటిషు చట్టమునకు లోబడకుండుటచే, తెలుగువారు పిల్లలను అచటికి తీసికొనిపోయి పెండ్లి చేసికొనివచ్చిరి. ఆ యూరికి కల్యాణపుర మను పేరుగూడ వచ్చెను.

అంతేకాదు. ఆ చట్టము క్రింద పోలీసువారు తమంతట తాము చర్య గైకొనుటకు వీలులేదు. ఎవరైన న్యాయస్థానమున ఫిర్యాదు చేయవలెను. ఫిర్యాదు చేయువాడు నూఱు రూపాయలకు మించని ఖరారునామా వ్రాసియీయవలెను. ఇరుగుపొరుగున పెండ్లి జరుగుచుండగా, ఊరందరి పగను కొనితెచ్చుకొని, చేతినుండి సొమ్ము హామీగా పెట్టి, కోర్టునకెక్కు మహానుభావు లెందరుందురు? చట్టము వ్రాసినవారి యుద్దేశము మంచిది. కాని చట్టము ఉద్దేశముచే నడువదు. దానిని నడుపుటకు మెదలవలసిన మనుష్యునకు కలుగు కష్టమును బట్టి నడచును.

ఈ యనుభవముల ఫలముగా నియమములు క్రమముగా బిగిసినవి. 2006లో వచ్చిన బాల్యవివాహ నిషేధ చట్టము ప్రకారము కనీసవయస్సు స్త్రీకి 18, పురుషునకు 21. పోలీసువారు తామే కేసు నమోదుచేయవచ్చును. పసితనమున పెండ్లియైనవారు కోరినయెడల ఆ వివాహమును రద్దుచేయించుకొనవచ్చును. అయినను 2019-21 జాతీయ కుటుంబారోగ్య పరిశీలన ప్రకారము ఆంధ్రప్రదేశమున 20 మొదలు 24 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో నూటికి 29 మందికి 18 ఏండ్లు నిండకమున్నే వివాహము జరిగినది. దేశమంతటికి ఈ సంఖ్య నూటికి 23. చట్టమునందు ఇపుడు లోపము చాలవఱకు తీరినది. కావున తక్కిన కారణమును ఇండ్లలో వెదకవలెను. ఉన్నతపాఠశాల పొరుగూరిలో నున్నదా? బస్సు వేళకు వచ్చునా? పిల్ల వయస్సు పెరిగినకొలది కట్నము పెరుగునని తండ్రి వెఱచుచున్నాడా? తల్లి కూలికి పోయినప్పుడు పెరిగిన పిల్లను ఇంట ఒంటిగా విడుచుటకు దిగులు పడుచున్నదా? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పని ఉపన్యాసము ఎంత గంభీరమైనను ఒక పెండ్లినైన ఒక సంవత్సరమైన వెనుకకు నెట్టజాలదు.

5. రెండు ఆక్షేపణలు

మొదటి ఆక్షేపణ: "లాభకరమైనదే సత్యమందురా? అట్లయిన అబద్ధపు సాక్ష్యముచే దావా గెలిచినవానికి ఆ సాక్ష్యము సత్యమగునా?" జేమ్సు జీవించియుండగనే రస్సెల్ మొదలగు తత్త్వవేత్తలు ఇట్టి యాక్షేపణ చేసిరి. జేమ్సు వ్రాతలలో కొన్ని ఈ యపార్థమునకు చోటిచ్చినమాట వాస్తవమే. సమాధాన మేమనగా, ఫలమన్నప్పుడు ఒకని ఫలముగాని ఒకదినపు ఫలముగాని గ్రహింపరాదు. అబద్ధపు సాక్ష్యముచే వాది ఒక యెకరము గెలిచెను. దానిచే ప్రతివాది యెకరము పోయెను. సాక్షి తరువాతి వ్యాజ్యములో మఱియొకనికి అమ్ముడుపోవుటకు అలవాటుపడెను. కోర్టుమీద ఊరి నమ్మకము తగ్గెను. ఆ వాదియే రేపు నిజమైన దావా వేసినను నమ్మువారు లేకపోయిరి. ఇవన్నియు లెక్కలో చేరినపిమ్మట ఆ యబద్ధము పనికివచ్చినదని ఎవడు చెప్పగలడు? అంతేకాదు, సాక్ష్యమున చెప్పిన గట్టు నేలమీద లేదు. సర్వేయరు గొలుసు పట్టినప్పుడు అది బయటపడును. గెలుపు వాది కోర్కెను తీర్చినదే కాని, ఆ గట్టు ఉన్నదని చూపలేదు. మన కోర్కె తీరుట వేఱు, మన మాట అనుభవముచే నిలుచుట వేఱు. వ్యవహారదృష్టి యడుగునది రెండవదానిని.

రెండవ ఆక్షేపణ: "ఫలమునే చూచువానికి నియమము లుండవు గదా? పరిస్థితిని బట్టి దేనినైన చేయును." ఇదియు పొరపాటు. సత్యము పలుకవలెను, బలహీనుని సొమ్ము తినరాదు అను నియమములు అసంఖ్యాకులగు మనుష్యులు తరతరములుగా ఫలముల ననుభవించి నిలిపిన తీర్మానములు. ఒకనాటి తన సౌకర్యమునకై వానిని దాటువాడు ఫలములను లెక్కించినవాడు కాడు, వేయేండ్ల లెక్కను చించివేసినవాడు. కాని నియమమని పేరు పెట్టుకొన్న ప్రతియాచారమును ఇట్టిది కాదు. కొన్ని యాచారములు ఒకకాలమున ఒక జాతికి సౌకర్యముగా నుండి, పిమ్మట ఇతరులకు బాధాకరములుగా మిగిలినవి. వానిని వేఱుపఱచుటకు ఒకటే ఉపాయము: ఈ యాచారము భారమును ఎవరు మోయుచున్నారు, దాని ఫలమును ఎవరు తినుచున్నారు అని యడుగుట. భారము మోయువారిని ఎన్నడును అడుగక నడుపబడు ఆచారమును పెద్దలమాట యని సమర్థించుట తగదు.

కొలంబియా విశ్వవిద్యాలయమున జాన్ డ్యూయీయొద్ద 1913 మొదలు 1916 వఱకు గల కాలమున చదివిన డాక్టరు అంబేద్కరుగారు ఈ భేదమును బాగుగా గ్రహించిరి. శాస్త్రవిధి వేఱు, విచారించి ఏర్పఱచుకొన్న నియమము వేఱు అని తమ రచనలలో వివరించిరి. విధిని పాటించువాడు ఆజ్ఞకు లోబడును. నియమమును పాటించువాడు దాని కారణము నెరిగి, ఫలమునకు తానే బాధ్యత వహించును. ఇట్లు బాధ్యతను పెంచునదే కాని తగ్గించునది కాదు వ్యవహారదృష్టి.

6. మన యిండ్లలో పరీక్ష

సూత్రమును నేర్చి దానిని నిద్రపుచ్చుట పాఠమునకు ప్రయోజనము కాదు. కావున ప్రతియింట నున్న ఒక విషయమున దీనిని ప్రయోగింతము.

"మాకు కొడుకైనను కూతురైనను ఒకటే" అని నేడు చెప్పని తండ్రి లేడు. ఈ వాక్యమునకు అర్థ మేమి? మన సూత్రము ప్రకారము, ఇది నిజమైనచో ఆ యింట ఏ భేదములు కనబడవలెనో వ్రాసికొందము. కూతురి చదువునకు కొడుకు చదువునకైనంత సొమ్ము కేటాయింపబడును. దూరపు కళాశాలలో సీటు వచ్చినప్పుడు కొడుకును పంపిన తీరుననే కూతురిని పంపుదురు. అమ్మ జ్వరపడినప్పుడు బడి మానవలసినది ఎల్లప్పుడు కూతురే కాదు. ఆస్తి పంపకమునాడు ఆమె పేరున దస్తావేజు పుట్టును.

ఆస్తివిషయమున చట్టము చాలదూరము నడచినది. 1956 హిందూ వారసత్వ చట్టము స్త్రీకి తన యాస్తిపై పూర్ణస్వామ్యము నిచ్చెను. ఉమ్మడికుటుంబపు ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానమైన హక్కును ఆంధ్రప్రదేశ శాసనసభ 1986లో ఒక సవరణచే ఇచ్చెను. దేశమంతటికి ఆ హక్కు 2005లో వచ్చెను. అయినను సోదరుని ముఖము చూచి, పుట్టినింటి రాకపోకలు తెగునేమో యను వెఱపుతో, సబురిజిస్ట్రారు కార్యాలయమున హక్కువిడుదల దస్తావేజుపై సంతకము పెట్టు ఆడుబిడ్డలు మన తాలూకాలలోను కలరు. ఆ సంతకము చట్టప్రకారము చెల్లును. దానిని పెట్టించిన సోదరుడు మరల వచ్చి అక్కచెల్లెండ్రు తనకు సమానులే యని చెప్పుచుండును. చదువరులారా, అతడు అబద్ధ మాడుచున్నాడని చెప్పనక్కరలేదు. తన మాటకు అర్థమేమో అతడు ఎన్నడును విచారింపలేదని మాత్రము చెప్పవచ్చును.

ఇట్టి విచారణ కొఱకు నాలుగు ప్రశ్నలను కంఠస్థము చేయవలెను.

మొదటిది: నేను చెప్పుచున్న మాట నిజమైనచో రేపటినుండి ఏమి మారును? ఏమియు మారనిచో అది అభిప్రాయము కాదు, అలంకారము.

రెండవది: దీనివలన కలుగు ఫలములు ఎవరెవరికి, ఎంతకాలము? నాకు నేడు కలుగుదాని పక్కనే ఇతరులకు రేపు కలుగుదానిని వ్రాసితినా?

మూడవది: దీనిని నడుపుటకు మెదలవలసిన మనుష్యు డెవడు, అతనికి కలుగు కష్టమేమి, ఆ కష్టమును ఎవరు పంచుకొందురు?

నాలుగవది: నా తలంపు తప్పైనచో అది నాకు ఎట్లు తెలియును? తెలిసినప్పుడు దిద్దుకొనుటకు దారి విడిచియుంచితినా?

ఈ నాలుగును ధనవంతునకు, చదువరికి మాత్రమే అందుబాటులో నున్నవి కావు. విత్తనము కొనుటకు కొట్టు మెట్లెక్కు రైతు, మిరపకాయలను అమ్ముటకు ఏ యంగడికి తోలవలెనని విచారించు కౌలుదారు, పిల్లను ఏ బడిలో వేయుదమని తలపోయు తల్లి వీనిని తమకు తెలియకయే అడుగుచున్నారు. పంచాయతీ తీర్మానములలోను, సంఘసభలలోను, పెండ్లిమాటలలోను వీనిని నోరు విడిచి అడుగువారు కావలెను. అట్లడుగువానిమీద ఆరంభమున కోపము వచ్చును. మంచిమాటకు అడ్డుపడుచున్నాడందురు. అతడు అడ్డుపడుట లేదు. ఆ మంచిమాటకు కాళ్లు కలవా యని చూచుచున్నాడు.

వచ్చు సభలో పెద్దలు ఆడపిల్లల చదువును గూర్చి ఒక తీర్మానము చదివి కరతాళములు మ్రోగించినపిమ్మట, చదువరులలో ఒక్కరైన లేచి, ఈ యూరి బడిలో పదవతరగతి ముగించిన బాలికల పట్టిక తెప్పించి, వారిలో ఎవరెవరు పై చదువునకు పోలేదో, వారి యిండ్లకు పోయి కారణమడుగువా రెవరో, ఏ తేదీలోగా అడుగుదురో వ్రాయించినచో, ఆనాటి తీర్మానమునకు అర్థము పుట్టినట్లు.